మట్టిని ముందు ఎండకెయ్యండి, తర్వాతే రోటికెయ్యండి

రైతు సోదరులారా, ఈ వారం మట్టి గురించి రాస్తున్నాను. మట్టిలో పుట్టి మట్టిలో పెరిగినవాళ్లం, మట్టి గురించి మాకు చెప్పేదేమిటయ్యా అని నవ్వకండి. మట్టిని డబ్బిచ్చి కొనుక్కుంటున్నవాళ్లు ఇవాళ మనలోనే ఉన్నారు.

రొయ్యల చెరువు గట్టు మీదికి వెళ్లి చూడండి. జియోలైటు బస్తాలు వరసగా పేర్చి ఉంటాయి. అది మట్టికి దగ్గర చుట్టమైన ఒక ఖనిజం పిండి. పశువుల దాణాలో, కోళ్ల మేతలో బూజు విషం పీల్చడానికి కలిపే బెంటొనైటు అచ్చంగా మట్టే. కొన్ని సరుకుల పెట్టెల్లో చెమ్మ పట్టకుండా వేసే పొట్లాల్లోనూ ఎండబెట్టిన మట్టి గుళికలే ఉంటాయి. పట్నాల్లో పిల్లుల్ని పెంచేవాళ్లు వాటి మలమూత్రాల కోసం తొట్టెలో పోసేది కూడా మట్టి నలుసులే. అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో ఎడ్ లో అనే ఆయన 1947లో పొరుగావిడకు బూడిద బదులు ఎండుమట్టి పలుకులు ఇచ్చి చూశాడు. అది నచ్చి నలుగురూ అడిగితే సంచుల్లో పోసి అమ్మాడు. దాని మీదే పెద్ద వ్యాపారం లేచింది.

అంటే మట్టికి ధర లేక కాదు. ఎండబెట్టి, నలగ్గొట్టి, జల్లించి, చెమ్మ తగలకుండా కట్టిన మట్టికే ధర. ఈ నాలుగు పనుల్లో ఏది మనకు చేతకాదు? నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. మట్టి పిండిని అమ్ముకోవడం మాట తర్వాత, ముందు మన విత్తనం కాపాడుకోవడానికి, పశువుల పాకలో పోతున్న ఎరువు నిలబెట్టుకోవడానికి దాన్ని వాడుకుందాం.

మా ఇంట్లో జరిగింది

కొన్నేళ్ల కిందట మాఘమాసంలో వచ్చిన మినుముల్లో మంచివి ఏరి, విత్తనానికని గోనెసంచిలో పోసి అటక మీద పెట్టాం. మళ్లీ కార్తీకంలో, వరి కోతకు ముందు చేలో చల్లుకోవాలని దించితే సంచి తేలిపోయింది. గింజగింజకీ బెజ్జం. చేతిలోకి తీసుకుంటే పిండి రాలింది. అప్పటికప్పుడు పరుగెత్తి ఒక కొట్లో సంచీ కొన్నాం. అందులో సగం మొలవలేదు. చేను బోసిపోయింది. ఆ ఏడు మాకు అపరాలు లేవు, అప్పు మాత్రం ఉంది.

ఇది నా ఒక్కడి కథ కాదు. దాళ్వాకు నీరందని శివారు చేలల్లో మినుము, పెసర చల్లుకునే ప్రతి చిన్న రైతుకూ ఎప్పుడో ఒకప్పుడు జరిగిందే. మాగాణిలో ఎకరాకు 16 నుంచి 18 కిలోల మినుములు చల్లాలి. మాఘ ఫాల్గుణాల్లో దాచింది కార్తీక మార్గశిరాల్లో తీస్తాం. మధ్యలో ఎనిమిది తొమ్మిది నెలలు. అందులో ఎన్ని నెలలు పొడిగా ఉంటుందో మీకే తెలుసు.

గౌతమికీ వశిష్ఠకూ నడుమ, సముద్రాన్ని ఆనుకుని ఉన్న సీమ మనది. జూన్ నుంచి ముసురు. అది వదిలేసరికి అక్టోబరు, నవంబరుల్లో తుపాన్లు. 1996 నవంబరు 6 నాటి తుపాను చూసినవాళ్లకు వేరే చెప్పాలా? అమలాపురమైనా, రాజోలైనా, కొత్తపేటైనా వానాకాలంలో అగ్గిపెట్టె మెత్తబడుతుంది, ఉప్పు నీరు కారుతుంది. ఆ గాలిలో గోనెసంచిలో ఉన్న గింజ చెమ్మ పట్టకుండా ఎలా ఉంటుంది? చెమ్మ పట్టిన గింజకు పురుగు, బూజు రెండూ చుట్టాలే. విత్తనం మినుముల్లో చెమ్మ 9 శాతం దాటకూడదని విత్తన ధ్రువీకరణ ప్రమాణం. గాలి చొరని డబ్బాలో పెడితే 8 శాతమే ఉండాలి.

మట్టి ఎందుకు పీలుస్తుంది?

ఇసుక నీటిని వదిలేస్తుంది, బంకమట్టి పట్టుకుంటుంది. ఎందుకంటే బంకమట్టి రేణువు మిల్లీమీటరులో ఐదువందలో వంతు కంటే సన్నం. అది రాయిలాగా గుండ్రంగా ఉండదు. పుస్తకంలో కాగితాల్లాగా పొరలు పొరలుగా ఉంటుంది. మన నల్లరేగడిలో ఎక్కువగా ఉండే రకం మట్టికి ఆ పొరల మధ్యలోకి కూడా నీరు దూరుతుంది. అందుకే అది వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలిస్తుంది. ఆ రకం మట్టిని శుద్ధి చేసి పొరలన్నీ విప్పి పరిచామనుకోండి, ఆరు గ్రాముల్లో ఒక ఎకరం పరుపు ఉంటుంది. చెంచాడు మట్టిలో ఎకరం!

ఇక్కడే అసలు కిటుకు ఉంది. మట్టి పుట్టుకతోనే సన్నం. ఏ మిల్లూ దాన్ని అంత సన్నగా ఆడలేదు. మనం దంచేది రేణువును కాదు, రేణువులన్నీ కలిసి గట్టిపడిన గడ్డను. గడ్డ విడిపోతే చాలు. ఇది తెలియక తడి ఆరని మట్టిని తీసుకెళ్లి మిల్లులో పోస్తే ఏమవుతుంది? జల్లెడ కన్నాలు పూడుకుపోతాయి, సుత్తులకు మట్టి మెత్తుకుంటుంది, మోటారు వేడెక్కుతుంది, కరెంటు బిల్లు మిగులుతుంది. పదిపాళ్లలో తొమ్మిదిపాళ్ల పని నీటికీ ఎండకూ వదిలెయ్యాలి. మిగిలిన ఒక్క పాలే రోకలిది.

చేసే విధానం

మొదటిది, మట్టి ఎంపిక. ఏప్రిల్, మే నెలల్లో ఎండిన మంచినీటి చెరువు అడుగున నెర్రెలిచ్చి, అంచులు పైకి లేచి, అప్పడాల్లాగా చుట్టుకున్న పెచ్చులు చూసే ఉంటారు. నీటిలో తేలి చివరగా దిగిన అతి సన్నటి బంక అది. ప్రకృతి జల్లించి, ఎండబెట్టి మన ముందు పెట్టిన సరుకు. పంచాయతీ చెరువైతే పంచాయతీకి చెప్పి ఆ పెచ్చులే ఏరుకోండి. రొయ్యల చెరువు అడుగు మట్టి మాత్రం వద్దు. సముద్రం దగ్గరి చౌడు మట్టీ వద్దు. ఉప్పున్న మట్టి గాలిలో చెమ్మను లాగి తానే కారుతుంది, అది విత్తనాన్ని ఏం కాపాడుతుంది?

రెండోది, పరీక్ష. గాజు సీసాలో గుప్పెడు మట్టి, నిండా నీళ్లు పోసి బాగా కుదిపి పెట్టండి. నిమిషంలో అడుక్కి దిగేది ఇసుక. గంటలు గడిచినా నీరు మురికిగానే ఉంటే అందులో బంక ఉన్నట్టు.

మూడోది, కడగడం. పెచ్చులు దొరకనివాళ్లు చేలో మట్టినే వాడుకోవచ్చు. గడ్డల్ని ముందు బాగా ఎండనిచ్చి, ఆ తర్వాత నీళ్ల తొట్టిలో వెయ్యండి. పచ్చి గడ్డ నీటిలో అలాగే కూర్చుంటుంది. ఎండిన గడ్డ బుసబుసమని గాలి వదులుతూ తనంతట తానే విచ్చిపోతుంది. సుత్తి దెబ్బ ఒక్కటి కూడా అక్కర్లేదు. తొలకరి జల్లు పడితే దుక్కిలో బెడ్డలు పొడి అయిపోవడం మీరు చూసిందే, ఇదీ అంతే. బాగా కలియబెట్టి, రెండు నిమిషాలు ఆగి, పైతేట బురదనీటిని వేరే తొట్టిలోకి వంచండి. ఇసుక అడుగున ఉండిపోతుంది. కుమ్మరివాళ్లు తరతరాలుగా చేస్తున్న పనే ఇది, కొత్త కాదు. రెండో రోజుకు బంక అడుక్కి దిగుతుంది. పైనీరు తీసేసి, ఆ పేస్టును బరకం మీద అట్టు మందాన పరవండి.

నాలుగోది, ఎండ. మన దగ్గర పొద్దున మంచు, సాయంత్రం సముద్రపు గాలి, రెండూ చెమ్మే. పది గంటల నుంచి మూడు గంటల వరకు ఉన్నదే అసలు ఎండ. మూడున్నరకల్లా బరకం మడిచెయ్యండి. రాత్రి బయట వదిలితే పగలంతా ఆరింది మళ్లీ పీల్చుకుంటుంది. రెండు మూడు రోజుల్లో పెచ్చు విరిస్తే పెళుక్కుమనాలి. వంగితే ఇంకా చెమ్మ ఉన్నట్టే.

ఐదోది, దంచడం. మిట్టమధ్యాహ్నం, పెచ్చులు వేడిగా ఉన్నప్పుడే రోట్లో వేసి దంచండి. పొడి అయిన దాన్ని ఎప్పటికప్పుడు జల్లించి తీసెయ్యాలి. ఇది చాలామంది చెయ్యని పని. నలిగిన పిండి రోట్లో ఉండిపోతే రోకలి దెబ్బ పిండి మీద పడి మెత్తగా దిగిపోతుంది, గడ్డకు తగలదు. కష్టం రెట్టింపు, పని సగం. మిల్లుకైనా ఇదే సూత్రం. పప్పు జల్లెడలో నిలిచిన వడ్లగింజంత, సెనగగింజంత పలుకులు ఒక పక్క, పిండి జల్లెడలో దిగిన మెత్తటి పొడి ఒక పక్క పెట్టండి. పొడి విత్తనానికి, పలుకులు పాకకు. ఏదీ వృథా కాదు.

ఆరోది, వేయించడం. ఎండలో ఎంత ఆరినా మన గాలిలో మట్టి కొంత చెమ్మ పట్టుకునే ఉంటుంది. విత్తనానికి వాడే పొడిని ఇనుప మూకుట్లో సన్నసెగ మీద కలుపుతూ వేయించండి. పైన చల్లటి స్టీలు పళ్లెం పట్టి చూడండి. పళ్లేనికి ఆవిరి పట్టడం ఆగిపోతే చాలు, దించెయ్యండి. మంట ఎక్కువ పెడితే ఇంకా మంచిదనుకోకండి. ఎర్రగా కాలిన మట్టి ఇటుక అవుతుంది, దాని పొరలు మూసుకుపోతాయి, మళ్లీ విప్పలేం. వేడిగా ఉండగానే రేకు డబ్బాలో పోసి మూత బిగించండి. చల్లారాక పోద్దామని ఆరుబయట పెడితే పడ్డ శ్రమంతా గాలి పాలు.

ఒక హెచ్చరిక. మట్టి దుమ్ములో సన్నటి ఇసుకపొడి కూడా ఉంటుంది. అది ఊపిరితిత్తుల్లోకి పోతే తిరిగి రాదు. పలుగురాయి మిల్లుల్లో పనిచేసినవాళ్లకు వచ్చే సిలికోసిస్ జబ్బు అదే. గాలికి ఎదురుగా కూర్చోకండి. రోటి దగ్గరైనా, మిల్లు దగ్గరైనా ఎన్‌-95 మాస్కు కట్టుకోండి, తడిగుడ్డతో సరిపెట్టుకోకండి. పిల్లల్ని దగ్గరకు రానివ్వకండి.

విత్తనానికి ఎలా వాడాలి?

ఇక్కడ ఒక లెక్క చెప్పాలి, లేకపోతే మట్టి మీద లేనిపోని ఆశ పెట్టుకుంటారు. ఎకరానికి సరిపడే 18 కిలోల మినుముల్లో 12 శాతం చెమ్మ ఉందనుకోండి. దాన్ని 9 శాతానికి దించాలంటే దాదాపు 600 గ్రాముల నీరు బయటికి పోవాలి. మంచి బెంటొనైటు తన బరువులో ఐదోవంతు దాకా చెమ్మ పీలుస్తుంది. మన మట్టి పదోవంతు పీల్చిందంటే గొప్పే. ఆ లెక్కన 6 కిలోల మట్టి కావాలి. అంతకంటే బరకం మీద రెండెండలు చాలవూ? కాబట్టి గింజను ఆరబెట్టేది ఎండే. ఆరిన గింజకు కాపలా కాసేది మాత్రమే మట్టి.

గింజను పలచగా పరచి, పంటితో కొరికితే కటుక్కుమని రెండు ముక్కలయ్యే దాకా ఎండనివ్వండి. నీడలో చల్లార్చి, ఆ సాయంత్రమే ప్లాస్టిక్ డ్రమ్ములోనో, మూత బిగుతుగా ఉన్న రేకు డబ్బాలోనో పొయ్యండి. గోనెసంచి వద్దు. తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయం పప్పుధాన్యాల విత్తనానికి 100 కిలోలకు ఒక కిలో యాక్టివేటెడ్ కయొలిన్, అంటే వేడిచేసి సిద్ధపరచిన తెల్లమట్టి పొడి, కలపమని సిఫారసు చేసింది. ఆ పాళ్లలో 18 కిలోలకు 180 గ్రాములు. మన పెద్దలు కందులకు ఎర్రమట్టి పట్టించి ఎండబెట్టి దాచిందీ ఇందుకే. పురుగు ఒంటి మీద సన్నటి మైనపు పూత ఉంటుంది. మట్టిపొడి ఆ పూతను పీల్చేస్తుంది, ఒంట్లో నీరు ఆరిపోయి పురుగు చస్తుంది. అయితే చుట్టూ చెమ్మ ఉంటే పురుగు ఆరదు. అందుకే డబ్బా మూత బిగింపు, పొడి రెండూ కలిసి ఉంటేనే ఫలం.

పొడి కలపడమే కాక, అరకిలో వేయించిన మట్టిని పలచటి గుడ్డలో మూటకట్టి గింజ మధ్యలో పెట్టండి. మూత చుట్టూ మైనమో, టేపో వెయ్యండి. శ్రావణంలో ఒకసారి, ఎండగా ఉన్న రోజు చూసుకుని మూట తీసి మళ్లీ వేయించి పెట్టండి. మూట బరువు చూస్తే ఎంత చెమ్మ పట్టిందో మీకే తెలుస్తుంది. మట్టి కలిపిన గింజ విత్తనానికే, వంటకు కాదు.

నా మాట నమ్మి మొత్తం విత్తనం దీని మీద పెట్టకండి. ఈ ఏడు ఐదు కిలోలు ఇలా, మిగతాది మీ పద్ధతిలో దాచండి. కార్తీకంలో రెండింట్లో నూరేసి గింజలు తడిగుడ్డలో మొలకకట్టి లెక్కపెట్టండి. మినుములో నూటికి 75 మొలిస్తే విత్తనం పాసైనట్టు. మీ చేతి లెక్క ముందు పేపర్లో మాట ఎంత?

పాకలో ఎలా వాడాలి?

ఆవు రోజుకు ఎనిమిది లీటర్ల మూత్రం పోస్తుందనుకుందాం. లీటరులో తక్కువలో తక్కువ 8 గ్రాముల నత్రజని ఉంటుందని లెక్కేస్తే రోజుకు 64 గ్రాములు. వంద రోజులకు 6 కిలోల పైచిలుకు. అంటే 14 కిలోల యూరియాతో సమానం. అందులో సగం నిలబెట్టుకున్నా 7 కిలోలు. ఇది ఇప్పుడు కాలువలోకి, గాలిలోకి పోతోంది. పాకలో ముక్కు మండుతుందే, ఆ ఘాటంతా మన ఎరువే.

1924 నుంచి 1931 వరకు ఇండోరులో పనిచేసిన ఆల్బర్ట్ హోవార్డ్ కంపోస్టు పద్ధతిని రూపొందించినప్పుడు, పశువుల పాకలో మూత్రం పీల్చిన మట్టిని ఎత్తి కుప్పలో పొరలుగా వేయించాడు. మన దేశపు రైతుల దగ్గర చూసి నేర్చుకున్నదాన్ని పద్ధతిలో పెట్టాడాయన.

పాకకు మెత్తటి పొడి పనికిరాదు. తడిస్తే బురదై పశువు కాలు జారుతుంది. సెనగగింజంత పలుకులే కావాలి. ఇక్కడా ఒక చిక్కుంది. కిలో మట్టి పలుకులు బురద కాకుండా పీల్చేది లీటరులో మూడోవంతే. ఎనిమిది లీటర్లకు రోజూ పాతిక కిలోల మట్టి ఎవరు మోస్తారు? ఇందుకు కోనసీమలో దేవుడిచ్చిన మందు కొబ్బరి పొట్టు. పీచు యూనిట్ల పక్కన గుట్టలుగా పడి ఉండే ఆ పొట్టు తన బరువుకు ఐదారు రెట్ల నీరు పీలుస్తుంది. పొట్టు నీటిని పట్టుకుంటుంది, మట్టి ఘాటును పట్టుకుంటుంది. ఒక గంప పొట్టుకు రెండు దోసిళ్ల మట్టి పలుకులు కలిపి, పశువు వెనక కాళ్ల దగ్గర, కాలువ మొదట్లో పరవండి. తడిసింది తడిసినట్టు ఎత్తి పెంటకుప్పలో వెయ్యండి. పొట్టు త్వరగా మాగకపోవడానికి ఒక కారణం అందులో నత్రజని చాలకపోవడం. ఆ కొరత మూత్రం తీరుస్తుంది. రెండు దండగ సరుకులు కలిసి ఒక ఎరువవుతుంది.

అమ్ముదామనే వాళ్లకు

ఇది చదివి ఎవరో ఒకరు ఎకరం చేను తవ్వించి మిల్లు పెడదామంటారు. వద్దు. కచ్ బెంటొనైటు, ద్వారకాతిరుమల బాల్ క్లే లాంటి గని సరుకుతో మన చెరువు మట్టి పోటీ పడలేదు. ఇటుక బట్టీలకు పైమట్టి అమ్ముకుని చేను పల్లమైపోయిన వాళ్లను చూశాం. చేలో పైమట్టి చేనుకే ఉండాలి. మనకు కావలసింది ఏడాదికి నాలుగు కావిళ్లు, అంతే.

చెరువు రైతులకూ ఒక మాట. జియోలైటు అమ్మోనియాను పట్టుకుంటుందన్నది మంచినీటిలో నిజం. ఉప్పునీటిలో సోడియం ముందే వెళ్లి ఆ చోట్లలో కూర్చుంటుంది, అమ్మోనియాకు చోటు మిగలదు. మీ చెరువు ఉప్పుదా, చప్పదా అన్నది చూసుకోకుండా బస్తాలు కుమ్మరించకండి. మేత తగ్గించడం, గాలిచక్రాలు తిప్పడం అంతకంటే ఖాయమైన మందులు.

అధికారులను అడిగేది పెద్దదేమీ కాదు. ప్రతి రైతు సేవా కేంద్రం దగ్గర వేసవి రెండు నెలలు ఒక చిన్న సుత్తుల మిల్లు, దానికి దుమ్ము సంచి, చెమ్మ కొలిచే మీటరు ఒకటి పెట్టండి. మూత బిగుతుగా ఉండే డ్రమ్ములు సబ్సిడీ మీద ఇవ్వండి. ఏటా విత్తనాల రాయితీకి పెట్టే ఖర్చులో ఇది ఎంత? రైతు ఇంట్లో విత్తనం నిలబడితే కార్తీకంలో క్యూలు ఉండవు, మొలవని విత్తనం మీద ఫిర్యాదులూ ఉండవు.

అది వచ్చేదాకా మనం ఆగక్కర్లేదు. రోలుంది, రోకలుంది, మే నెల ఎండ ఉంది. మాగాణి రైతుకు ఎండ శత్రువని తిట్టుకుంటాం గానీ, మట్టిని ఆడించే మిల్లు అదే, గింజను ఆరబెట్టే మిల్లూ అదే. ఈసారి చెరువు ఎండి పెచ్చులు లేచినప్పుడు తొక్కుకుంటూ వెళ్లిపోకండి. వంగి ఒక గంపెడు ఏరుకోండి. కార్తీకంలో డబ్బా మూత తీసినప్పుడు గింజ గలగలమంటే, అప్పుడు చెప్పండి మట్టి విలువ ఎంతో.